బిల్లు వెనక గీసిన షికాగో

షికాగోకి సంబంధించి నా చేతికొచ్చిన మొదటి మ్యాప్ ఒక కిరాణా బిల్లు.

2009 ఆగస్టు. ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదువుకోవడానికి అమెరికా వచ్చి నాకది మూడో రోజు. మన దుకాణాలుండే డెవాన్ అవెన్యూకి వెళ్ళి కందిపప్పు, చింతపండు, 20 పౌండ్ల సోనా మసూరి సంచి మోసుకుని రూముకి వచ్చాం. మా సీనియర్ అన్న ఆ బిల్లు తిరగేసి బాల్‌పెన్నుతో నాలుగు గీతలు గీశాడు. కుడివైపు నిలువు గీత మిషిగన్ సరస్సు. ఎడమవైపు నిలువు గీత డాన్ రయన్ హైవే. పైన అడ్డగీత 31వ వీధి, కింద అడ్డగీత 35వ వీధి. మధ్యలో ఒక డబ్బా వేసి "ఇది క్యాంపస్" అన్నాడు. బిల్లు పైఅంచున చుక్క పెట్టి "ఇది డెవాన్" అన్నాడు.

"తమ్ముడూ, డబ్బాలో ఉన్నంతసేపు ఏ టెన్షనూ లేదు. ఈ గీత మాత్రం దాటొద్దు" అంటూ 35 మీద పెన్ను రెండుసార్లు దిద్దాడు.

"దాటితే ఏముంటుందన్నా?"

"ఏమో, నేనెప్పుడూ వెళ్ళలేదు."

రెండేళ్ళు ఆ బిల్లు ప్రకారమే బతికాను. దాని మీద ఉన్నవి రెండే ఊళ్ళు: చదువుకునే డబ్బా, పప్పులు దొరికే చుక్క. 35లో రెడ్ లైన్ రైలెక్కి లయోలాలో దిగి 155 నంబరు బస్సు పట్టుకుంటే డెవాన్. మధ్యలో 11 మైళ్ళకు పైగా నగరం కిటికీలోంచి వెళ్ళిపోయేది. నేను నిద్రలో ఉండేవాణ్ణి.

ఒకసారి రూములో బల్బు మాడిపోతే, పట్టపగలే కదా అని 35వ వీధిలోనే కాల్యుమెట్ అవెన్యూ మూల మీదున్న హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళాను. అది వీధికి దక్షిణం వైపు. అంటే సాంకేతికంగా గీత దాటినట్టే. బల్బులు కొన్నాను, ఎలుకల బోను కూడా కొన్నాను, గబగబా వెనక్కి వచ్చేశాను. ఆ షాపు ఒకప్పటి సన్‌సెట్ కెఫే అనీ, 1920లలో జాజ్ సంగీతకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అక్కడ ట్రంపెట్ వాయించాడనీ నాకు తెలిసేసరికి ఆరేళ్ళు పట్టింది. అక్కడి నుంచి ఇంకో నాలుగైదు నిమిషాలు నడిస్తే ఐడా బి. వెల్స్ ఉన్న ఇల్లు. నల్లవాళ్ళను మూకలు చంపేస్తుంటే ఊరూరా తిరిగి లెక్కలు కట్టి అచ్చు వేసిన జర్నలిస్టు ఆవిడ. 3624, కింగ్ డ్రైవ్. మా అన్న దిద్దిన గీతకి ఒక్క బ్లాకు కింద.

ఆ చుట్టుపక్కల ప్రాంతం మొత్తాన్ని బ్రాంజ్‌విల్ అంటారు. నేను రెండేళ్ళున్న పేట పేరు నాకు తెలియదు. ఇందులో తప్పంతా మా సీనియర్‌దే కాదు. పాపం ఆయన తనకున్న భయాన్ని తనకు తోచిన కొలతతో గీసిచ్చాడు. నేనే దాన్ని నగరం అనుకున్నాను.

చదువైపోయి, ఉద్యోగం వచ్చి, అందరిలాగే శివారులోని నేపర్‌విల్ వైపు మారిపోయాక, ఒక చలికాలం ఆదివారం బయటికి వెళ్ళే దారిలేక లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో తిరుగుతుంటే శాన్‌బార్న్ మ్యాపులు కనబడ్డాయి. అప్పటినుంచి ఇదొక పిచ్చిగా పట్టుకుంది. ఏ అమెరికా నగరానికి వెళ్ళినా హోటల్ బుక్ చేసేముందు దాని శాన్‌బార్న్ షీట్లు తెరుస్తాను. మా ఆవిడ దీన్ని "మీ పంచాంగం" అంటుంది.

శాన్‌బార్న్ 1867లో మొదలైన కంపెనీ. సుమారు 12,000 ఊళ్ళకు మ్యాపులు గీసింది. 50 అడుగులకు ఒక అంగుళం చొప్పున, ఇల్లిల్లూ. ఊరి మీద ప్రేమతో కాదు, అగ్నిప్రమాద బీమా కోసం. ఎక్కడో హార్ట్‌ఫర్డ్‌లో కూర్చున్న బీమా గుమాస్తాకి షికాగోలో ఫలానా వీధి ఫలానా నంబరు ఇల్లు ఎంత తొందరగా తగలబడుతుందో తెలియాలి. ప్రతి ఇంటికీ వచ్చి చూడలేడు కదా. అందుకని కంపెనీ మనుషులు నడిచి, కొలిచి, రంగులు వేశారు. గులాబీ రంగంటే ఇటుక. పసుపంటే చెక్క. నీలం రాయి, బూడిద రంగు ఇనుము. ఇంటి బొమ్మలో అంకె వేస్తే అన్ని అంతస్తులు. 'డి' అని ఉంటే కాపురముండే ఇల్లు, 'ఎస్' అని ఉంటే దుకాణం. వీధి కింద నీళ్ళ పైపు ఎన్ని అంగుళాలదో కూడా రాశారు, మంటలార్పాలంటే అది కావాలి మరి. కొన్ని ఊళ్ళ షీట్లలో 'ఎఫ్.బి.' అని కనబడుతుంది. 'ఆడవాళ్ళ బోర్డింగ్' అని అర్థం. అవి వేశ్యాగృహాలు. బీమా కంపెనీకి మర్యాద ఉంది గానీ మొహమాటం లేదు.

ఒక ఇల్లు కూలినా, పక్కన కొత్తది లేచినా పుస్తకమంతా మళ్ళీ అచ్చు వేయరు. ఆ ముక్క వరకే అచ్చు వేసి, మనిషిని పంపి పాతదాని మీద అతికించేవాళ్ళు. దాని మీద ఇంకోటి. స్కాన్‌లో పెద్దది చేసి చూస్తే ఆ అతుకుల అంచులు కనిపిస్తాయి, మా అమ్మ గోడ క్యాలెండర్ మీద పాలవాడి లెక్క అతికించినట్టు. కింద ఏముందో చూడాలని గోటితో గీకబుద్ధవుతుంది.

షికాగో విషయంలో గులాబీ, పసుపు రంగులకి ఇంకో అర్థం కూడా ఉంది. 1871 అగ్నిప్రమాదంలో 17,000కి పైగా భవనాలు పోయి, లక్షమంది వీధిన పడ్డారు. ఆ తర్వాత నగరం నడిమధ్యలో చెక్క ఇళ్ళు కట్టడానికి లేదని హద్దు పెట్టారు. ఇటుక కొనలేనివాడు హద్దు అవతలికి పోయి చెక్కతో కట్టుకున్నాడు. అందుకే గులాబీ ఆగిపోయి పసుపు మొదలయ్యే చోట మీకు జేబుల తేడా కనబడుతుంది. దాన్ని చూపించాలని ఎవరూ గీయలేదు.

సరే, మా క్యాంపస్ షీటు తెరిచాను. క్యాంపస్ లేదు. స్టేట్ స్ట్రీట్ పొడవునా దుకాణాలు, వాటి వెనక కిక్కిరిసిన ఇళ్ళు, సందుల్లో ఇంకా చిన్న ఇళ్ళు. 34వ వీధి దగ్గర ఒక భారీ భవనం, పేరు మెకా ఫ్లాట్స్. 1893 ప్రపంచ ప్రదర్శనకు వచ్చే జనం కోసం 1892లో కట్టారు. దాదాపు వంద ఫ్లాట్లు, మధ్యలో గాజు పైకప్పులున్న రెండు పెద్ద హాళ్ళు. తర్వాత దక్షిణాది నుంచి వలస వచ్చిన నల్లవాళ్ళకి అదొక పెద్ద లోగిలి అయింది. 1952లో పడగొట్టారు. దాని స్థానంలో 1956కి లేచిందే క్రౌన్ హాల్, ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రోహె కట్టిన గాజు భవనం, ప్రపంచమంతా వచ్చి ఫొటోలు తీసుకునేది. ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదివిన ప్రతి తెలుగువాడి ఆల్బమ్‌లోనూ దాని ముందు ఒక ఫొటో ఉంటుంది. దాని పక్క పచ్చిక మీద మేం టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడాం. 2018లో ఏదో పనికి తవ్వితే నేలకింద మెకా ఫ్లాట్స్ గచ్చు పలకలు బయటపడ్డాయి. అంటే మేం ఆ వందిళ్ళ లోగిలి పక్కన వికెట్లు పాతామన్నమాట.

మా నాన్న రిటైరైన మండల సర్వేయరు. గుంటూరు జిల్లాలో ముప్ఫై ఏళ్ళు గొలుసు లాగించిన మనిషి. 2016లో వచ్చినప్పుడు బ్రాంజ్‌విల్ తీసుకెళ్ళాను. ఇళ్ళు చూస్తాడనుకుంటే, రోడ్డుకి ఇటు గడప నుంచి అటు గడప దాకా చూసి, ఖాళీ వేళ చూసుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ దాటాడు. "ఒక గొలుసు" అన్నాడు. నేను నమ్మలేదు. ఇంటికొచ్చి వెతికితే నిజమే, షికాగో మామూలు వీధి హద్దు నుంచి హద్దుకి 66 అడుగులు. గంటర్ గొలుసు పొడవు సరిగ్గా 66 అడుగులు, వంద లింకులు. అమెరికా ప్రభుత్వం పడమటి నేలనంతా చదరాలుగా కోసింది ఆ గొలుసుతోనే, తెల్లవాడు మన పొలాలను కొలిచిందీ ఆ గొలుసుతోనే. (గంటర్ గొలుసును కొత్తగా వచ్చిన చైన్‌మన్‌లు "గుంటూరు గొలుసు" అనేవాళ్ళట. నాన్న దిద్దేవాడు కాదట.)

శాన్‌బార్న్ షీట్లు చూపిస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. రంగుల వివరం అడిగాడు, అతుకులు చూశాడు. చివరికి, "వీడు జాగ్రత్తగా గీశాడ్రా. తప్పు గీస్తే డబ్బు పోతుంది కాబట్టి" అన్నాడు. "మాకైతే తలలు పగిలేవి."

ఈ వ్యాసంలో నేను చెప్పబోయేదంతా ఆయన ఆ రోజు అన్న మాటకి పొడిగింపే. ఏ మ్యాప్ చూసినా రంగుల కన్నా ముందు చూడాల్సింది, తప్పయితే గీసినవాడికి ఏం పోతుంది అన్నది. పేటల గురించి తెలుసుకోవాలంటే నిష్పాక్షికంగా గీశామని చెప్పుకునే మ్యాపుల కంటే, సొంత అవసరం కోసం భయంభయంగా గీసుకున్న మ్యాపే నాకు ఎక్కువ పనికొచ్చింది.

నిష్పాక్షికమైనది ఎలా ఉంటుందో కూడా షికాగోలోనే చూడొచ్చు. నగరాన్ని అధికారికంగా 77 కమ్యూనిటీ ఏరియాలుగా విడగొట్టారు. 1920లలో షికాగో యూనివర్సిటీ సమాజశాస్త్రవేత్తలు పూనుకుని 75 గీశారు. 1950లలో ఓహేర్ విమానాశ్రయం నేల నగరంలో కలిస్తే 76 అయింది, 1980లో ఎడ్జ్‌వాటర్‌వాళ్ళు పోట్లాడి అప్‌టౌన్ నుంచి విడిపోతే 77. గీతలు ఎందుకు గీశారంటే, పదేళ్ళకోసారి వచ్చే జనాభా లెక్కలు పోల్చుకోవడానికి. జనం మారినా గడి మారకూడదు. పరిశోధకులకి ఇది బంగారం లాంటిది, నేను కాదనను. కానీ ఆ 77 పేర్లలో బ్రాంజ్‌విల్ లేదు. చైనాటౌన్ లేదు. మెక్సికన్ల పిల్సెన్ లేదు, లిటిల్ విలేజ్ లేదు. డెవాన్ కూడా లేదు, అది 'వెస్ట్ రిడ్జ్'లో ఒక వీధి. పదిహేనేళ్ళుగా డెవాన్‌లో కూరగాయలు కొంటున్న మా మిత్రులెవరినైనా వెస్ట్ రిడ్జ్ ఎక్కడని అడిగి చూడండి.

బ్రాంజ్‌విల్ ఉత్తర భాగానికి అధికారిక పేరు డగ్లస్. లింకన్‌తో 1858లో వాదించిన సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ పేరు. ఆయన భార్య తరఫున మిసిసిపీలో బానిసలతో నడిచే తోట ఉండేది. 35వ వీధి చివర, సరస్సు ఒడ్డున ఆయన సమాధి ఉంది. నల్లవాళ్ళు బ్యాంకులు, పత్రికలు, బీమా కంపెనీలు పెట్టుకుని "ఇది మా రాజధాని" అనుకున్న పేటకి జనాభా లెక్కల్లో ఇప్పటికీ ఆ పేరే. 'బ్రాంజ్‌విల్' అన్నది 1930 ప్రాంతంలో ఒక నల్లవాళ్ళ పత్రిక ప్రచారంలోకి తెచ్చిన పేరు. బయటివాళ్ళు 'బ్లాక్ బెల్ట్' అంటుంటే, మేం నలుపు కాదు కంచు రంగు అని వాళ్ళే పెట్టుకున్నారు.

డెవాన్‌లో దీనికో తమాషా విరుగుడు ఉంది. అక్కడి స్తంభాల మీద మామూలు ఆకుపచ్చ బోర్డుల కింద గోధుమరంగు బోర్డులుంటాయి, గౌరవ నామాలు. కొంతదూరం గాంధీ మార్గ్. కొంతదూరం మొహమ్మద్ అలీ జిన్నా వే. ఇంకొంత ఇజ్రాయెల్ ప్రధానిగా చేసిన గోల్డా మైర్ పేరుతో గోల్డా మైర్ బులెవార్డ్, ఒకప్పుడు అది యూదుల వీధి కాబట్టి. ఏ ఉత్తరమూ ఆ పేర్లతో చేరదు, ఏ మ్యాపూ వాటిని పట్టించుకోదు. కానీ ఆ బోర్డుల కింద నడుస్తూ ఎక్కడ దోశ వాసన ఆగి ఎక్కడ సీక్ కబాబ్ పొగ మొదలవుతుందో చూసుకుంటూ పోతే, వెస్ట్ రిడ్జ్ అన్న పేరు కంటే అవే నిజం చెబుతున్నాయనిపిస్తుంది.

ఫోన్‌లో మ్యాప్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. నన్ను చేర్చాల్సిన చోటికి చేరుస్తుంది, అంతవరకు దానికి దండం. పేటల పేర్లు మాత్రం దానికి ఎలా వస్తే అలా వస్తాయి. అమ్మానాన్నలతో నయాగరా వెళ్తూ బఫలోలో ఆగినప్పుడు ఫ్రూట్ బెల్ట్ అనే పేట చూడాలని వెళ్ళాను. జర్మన్లు తోటలు వేసుకున్న చోటు. వీధుల పేర్లు గ్రేప్, పీచ్, లెమన్, ఆరెంజ్. తర్వాత నల్లవాళ్ళ పేట అయింది. దాన్ని కొన్నేళ్ళపాటు గూగుల్ మ్యాప్ 'మెడికల్ పార్క్' అని చూపించింది, పక్కన ఆసుపత్రులు పెరిగాయి కాబట్టి. అక్కడివాళ్ళు గొడవ చేస్తే 2019లో పాత పేరు తిరిగొచ్చింది. డెట్రాయిట్‌లో ఫిష్‌కార్న్ అన్న పేరు అక్షరాలు తారుమారై ఫిస్క్‌హార్న్ అయి, అద్దె ప్రకటనల్లోకి కూడా పాకింది. తప్పయితే గీసినవాడికి పోయేదేమీ లేదు.

పిట్స్‌బర్గ్‌లో నాకు జరిగింది మాత్రం నా స్వయంకృతం. పెన్ హిల్స్ వెంకన్న దర్శనం చేసుకుని, ఊరు చూద్దామని కొండ మీద పేటకి బయల్దేరాను. ఫోన్‌లో చక్కటి వీధి కనిపిస్తోంది, పేరుతో సహా. తీరా వెళ్తే అది మెట్లు. ఆ నగరంలో 700కి పైగా పబ్లిక్ మెట్లదారులున్నాయి, వాటిలో చాలావాటికి కాగితం మీద వీధి హోదా ఉంది. మిల్లు కార్మికులు లోయలోకి దిగి ఎక్కిన దారులు. పులిహోర పొట్లంతో, తిరుమల నడకదారి గుర్తొచ్చేలా ఎక్కాను. పైన చేరాక అర్థమైంది, ఆ పేటలు ఒకదానికొకటి ఎందుకంత వేరుగా ఉంటాయో. అక్కడ హద్దులు గీసింది మోకాళ్ళు.

మళ్ళీ షికాగోకి వస్తాను. 77 గడుల మనుషుల కంటే ముందే, 1895లో, హల్ హౌస్ ఆడవాళ్ళు తమ పేట మ్యాపులు అచ్చు వేశారు. జేన్ ఆడమ్స్, ఆవిడ స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్ 1889లో వలస కార్మికుల మధ్య పెట్టిన సేవాసదనం అది. ఫ్లోరెన్స్ కెల్లీ నాయకత్వంలో గడపగడపకీ తిరిగి, మూడో వంతు చదరపు మైలులో ఎవరెవరు ఏ దేశంవాళ్ళో ఒక మ్యాప్‌లో, వారానికి ఎంత సంపాదిస్తారో ఇంకో మ్యాప్‌లో రంగులు నింపారు. మొదటిదాంట్లో 18 జాతులు. రెండోదాంట్లో అన్నిటికంటే తక్కువ రంగు నలుపు, వారానికి 5 డాలర్లు, అంతకు లోపు. వీళ్ళు ఆ వీధిలోనే కాపురమున్నారు. తప్పు గీస్తే మర్నాడు పొద్దున పక్కింటావిడ మొహం చూడాలి. బీమా గుమాస్తా జాగ్రత్త ఒక రకమైతే, ఇది ఇంకో రకం.

ఆ మ్యాప్‌లోని ఇళ్ళు చాలావరకు 1960లలో నేలమట్టమయ్యాయి. అక్కడ కట్టింది ఇంకో యూనివర్సిటీ, ఇల్లినాయ్ యూనివర్సిటీ షికాగో శాఖ. అందులోనూ మన పిల్లలు వందల్లో చదువుతున్నారు. షికాగోలో చదువుకున్న తెలుగువాళ్ళలో చాలామందిమి ఎవరిదో ఒకరి ఇంటిని చదును చేసిన నేల మీదే డిగ్రీ తెచ్చుకున్నాం. నేరం మాది కాదు, తెలియకపోవడం మాత్రం మాదే.

మ్యాప్‌లో లేని గీత సంగతి కూడా చెప్పాలి. 31వ వీధి చివర సరస్సు ఒడ్డున బీచ్ ఉంది. ఎండాకాలం సాయంత్రాలు రూమ్మేట్లతో అక్కడే గడిపేవాళ్ళం, అది బిల్లు మీద అనుమతి ఉన్న చోటు. అక్కడినుంచి కాస్త ఉత్తరంగా, 29వ వీధి వైపు, గడ్డిలో ఒక రాయి, దాని మీద ఫలకం. ఎన్నిసార్లు దాటానో, ఒక్కసారీ వంగి చదవలేదు. 1919 జులై 27న యూజీన్ విలియమ్స్ అనే 17 ఏళ్ళ నల్ల కుర్రాడు స్నేహితులతో తెప్ప కట్టుకుని నీళ్ళలో ఆడుతున్నాడు. 29వ వీధి ఒడ్డు తెల్లవాళ్ళది, దానికి ఉత్తరాన నల్లవాళ్ళది. అలాగని చట్టమేమీ లేదు, అందరికీ తెలుసంతే. తెప్ప ఆ ఊహాగీత దాటి ఇటు కొట్టుకొచ్చింది. ఒడ్డు నుంచి ఒక తెల్లవాడు రాళ్ళు విసిరాడు. కుర్రాడు మునిగిపోయాడు. పోలీసు ఆ తెల్లవాణ్ణి పట్టుకోలేదు. వారం రోజులు నగరం తగలబడింది. 38 మంది చచ్చిపోయారు, 23 మంది నల్లవాళ్ళు, 15 మంది తెల్లవాళ్ళు.

నీటి మీద గీత. ఏ సర్వేయరూ గీయలేదు. ఇది చదివినప్పుడు నాకు మా అమ్మమ్మగారి ఊరి చెరువు గుర్తొచ్చింది. ఏ రేవు ఎవరిదో అక్కడా ఎవరూ బోర్డు పెట్టలేదు.

అలాంటి గీతని కాగితం మీదకి ఎక్కిస్తే ఏమవుతుందో 1930లలో తెలిసింది. ఆర్థికమాంద్యంలో ఇళ్ళు వేలానికి పోతుంటే అమెరికా ప్రభుత్వం 1933లో హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ పెట్టింది. ఆ సంస్థ 200కి పైగా నగరాల్లో పేటలకి మార్కులు వేయించింది. ఏ అంటే ఆకుపచ్చ, బి నీలం, సి పసుపు, డి ఎరుపు. అప్పివ్వడానికి ఎంత ప్రమాదం అన్నది లెక్క. రిచ్‌మండ్ యూనివర్సిటీవాళ్ళు ఈ మ్యాపులన్నీ ఆన్‌లైన్‌లో పెట్టారు. పేట మీద నొక్కితే అప్పటి ఫారం కూడా తెరుచుకుంటుంది. రంగులకన్నా ఆ ఫారాలే చదవాలి. టైప్ చేసిన గడులు: ఇళ్ళ వయసు, అద్దె, విదేశంలో పుట్టినవాళ్ళు ఎంత శాతం, నల్లవాళ్ళు ఎంత శాతం. ఇంకో గడి ఉంది, 'చొరబాటు' అని. ఎవరు చొరబడుతున్నారో అందులో నింపాలి. చెదలు పట్టాయా అని అడిగినంత మామూలుగా ఉంటుంది ఆ గడి.

బ్రాంజ్‌విల్ ఎరుపు. చెప్పక్కర్లేదు.

చరిత్రకారులు ఇక్కడ ఒక విషయం గుర్తు చేస్తారు, అది న్యాయమే. ఆ కార్పొరేషన్ తన అప్పులు చాలావరకు ఈ మ్యాపులు గీయకముందే ఇచ్చేసింది, నల్లవాళ్ళకి కూడా ఇచ్చింది. అసలు దెబ్బ కొట్టింది 1934లో వచ్చిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్, ఇళ్ళ అప్పులకి పూచీ ఇచ్చే ప్రభుత్వ సంస్థ. దానికి సొంత నియమాలు, సొంత మ్యాపులు ఉండేవి. కాబట్టి అంతా ఈ ఎర్ర రంగు వల్లే జరిగిందనడం సులువు గానీ సరికాదు. కానీ నా గొడవ వేరు. శాన్‌బార్న్ మనిషి చెక్క ఇంటికి గులాబీ వేస్తే మంట వచ్చి అతని తప్పు బయటపెడుతుంది. అప్పు మ్యాప్‌కి ఆ భయం లేదు. ఈ పేట పాడవుతుందని రాస్తే అప్పు ఆగిపోతుంది, రిపేర్లు ఆగిపోతాయి, కొనేవాడు రాడు, పేట పాడవుతుంది. చూశారా, ముందే చెప్పాం అంటారు. ఆ మ్యాప్ ఎప్పటికీ తప్పు కాదు.

డెట్రాయిట్‌లో అయితే ఆ గీతని ఏకంగా గోడ కట్టేశారు. ఎయిట్ మైల్ రోడ్డుకి దగ్గర్లో నల్లవాళ్ళ ఇళ్ళ పక్కన ఒక బిల్డరు తెల్లవాళ్ళకి ఇళ్ళు కడతానంటే ఫెడరల్ సంస్థ మొదట అప్పుకి పూచీ ఇవ్వనంది. 1941లో అర మైలు పొడవున, ఆరడుగుల ఎత్తున మధ్యలో గోడ లేపాక ఒప్పుకుంది. ఇప్పటికీ ఉంది. ఉపగ్రహ చిత్రంలో బర్‌వుడ్ వీధి ఇళ్ళ పెరళ్ళ వెనక సన్నటి దారంలా కనిపిస్తుంది. పార్కు ఉన్న చోట దాని మీద బొమ్మలు వేశారు.

ఆ 'చొరబాటు' గడిలో 1939లో నేనుంటే నన్నెక్కడ వేసేవాళ్ళో ఊహించడం కష్టం కాదు. 1923లో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయుడు తెల్లవాడు కాదు కాబట్టి పౌరసత్వం లేదంది. 1946 దాకా అదే చట్టం.

ఇప్పుడు అసలు నాకు గుచ్చుకుంటున్న సంగతి. కిందటేడు మా బావమరిది ఇల్లు కొనాలని మూడు నెలలు ఊపిరాడనివ్వలేదు. రోజూ రాత్రి వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్లు. ఇళ్ళ ఫొటోలు కాదు, స్కూల్ రేటింగ్ మ్యాపులు. పదికి తొమ్మిదైతే ఆకుపచ్చ. ఆరైతే పసుపు. మూడైతే నారింజ, ఎరుపు. "బావా, ఇది చూడు, రోడ్డుకి ఇటు గ్రీన్, అటు ఎల్లో. ఇటువైపుకి ఎనభై వేలు ఎక్కువ చెబుతున్నారు. తీసేసుకోనా?"

నాకు ఆ రంగులు చూడగానే వీపు జలదరించింది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఎవరూ కావాలని ఆ పాత మ్యాప్ చూసి రంగులు దించి ఉండరు, సిగ్నల్ లైట్ అలవాటు అంతే. పని చేసే తీరు మాత్రం అదే. ఆ మార్కులకి ఎక్కువగా ఆధారం పరీక్షల ఫలితాలు. అవి చాలావరకు తల్లిదండ్రుల సంపాదనని బట్టి ఉంటాయి. మార్కు బాగుంటే ఇంటి ధర పెరుగుతుంది. ఇల్లినాయ్‌లో స్కూళ్ళకి డబ్బు ఎక్కువగా స్థానిక ఆస్తిపన్ను నుంచి వస్తుంది. ధర పెరిగిన చోట స్కూలుకి డబ్బు, డబ్బున్న చోటికి ట్యూషన్లు చెప్పించగల తల్లిదండ్రులు, వాళ్ళ పిల్లలకి మళ్ళీ మంచి మార్కులు. ఇది కూడా ఎప్పటికీ తప్పు కాని మ్యాపే. దీన్ని అందరికంటే శ్రద్ధగా చదివేది, అందరికంటే తొందరగా నిజం చేసేది మేమే. మా కాలనీల్లో పంచాంగం లేని ఇల్లుంటుంది గానీ రేటింగ్ తెలియని ఇల్లుండదు.

నీతులు చెప్పే అర్హత నాకు లేదు. మా పాప వెళ్ళే స్కూలు పదికి తొమ్మిది. పిల్లల చదువుతో ప్రయోగాలు చేయమని ఎవరికీ చెప్పలేను, నేనే చేయలేదు. పాత ఎరుపు మ్యాప్ చూసి ఎంత దుర్మార్గమో అని నిట్టూర్చి, అదే ఫోన్‌లో ఆకుపచ్చ వెతుక్కునే మనిషినే నేను. ఆ రంగు గీసినవాడికి తప్పయితే ఏం పోతుందని బావమరిదిని అడగాలనుకున్నాను. అర్ధరాత్రి పన్నెండుకి, రేపు ఆఫర్ పెట్టాల్సినవాణ్ణి అదడిగితే మా ఆవిడ ముందు నాకు పోతుంది. "బాగుంది, తీసుకో" అని టైప్ చేశాను.

జూన్‌లో గృహప్రవేశం. పాలు పొంగాయి, వ్రతం అయింది, నూట ఇరవై మందికి భోజనాలు. మా నాన్న ఆ సమయానికి ఇక్కడే ఉన్నాడు. తిన్నాక చెయ్యి కడుక్కుని, ఎప్పటిలాగే వీధిలోకి నడిచాడు. ఆ కాలనీలో రోడ్లన్నీ వంకర్లు, చివర గుండ్రంగా మూసుకుపోతాయి. రెండుసార్లు అడుగులు లెక్కపెట్టబోయి మానేశాడు.

"ఇదివరకు ఇక్కడ ఏముండేదిరా?"

నేను అప్పటికే వెతికి ఉన్నాను. ఆ చోటికి శాన్‌బార్న్ షీటు లేదు. తగలబడడానికి ఇళ్ళుంటే కదా. "పొలాలు నాన్నా. మొక్కజొన్న."

"ఎవరివి?"

ఫోన్ తీశాను. లొకేషన్ చుక్క ఆకుపచ్చ మధ్యలో నీలంగా కొట్టుకుంటోంది. ఎలిమెంటరీ తొమ్మిది, మిడిల్ స్కూల్ తొమ్మిది, హైస్కూల్ పది అని చూపించింది. మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాను.